చీలమండ మీద దెబ్బ

అసిరయ్య మనిషిని తల మీద కొట్టేవాడు కాదు. తల పగిలితే మనిషి చావొచ్చు, చస్తే పోలీసులు, కోర్టు, జైలు. కడుపులో తంతే వారం తిరిగేసరికి లేచి మళ్లీ నోరు పారేసుకుంటాడు. అందుకని అతను కాలి గిలక మీద కొట్టేవాడు. చీలమండ విరిగినవాడు బతుకుతాడు, ఇంటికి పోతాడు, పెళ్లాం పిల్లల మధ్య కూర్చుంటాడు. కానీ లేచి అడుగు వేసిన ప్రతిసారీ తనని ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో గుర్తు చేసుకుంటాడు. ఒకప్పుడు బరంపురం బజారులో ఎవరైనా కుంటుతూ ఎదురైతే జనం గొంతు తగ్గించి అసిరయ్య పేరు చెప్పుకునేవారు.

ఈ సంగతులు సగం నాకు అసిరయ్యే చెప్పాడు. మిగతా సగం మాకు ఎముకల వైద్యం నేర్పిన డాక్టరు భారతీదేవి గారు చెప్పారు. ఇద్దరూ ఏదీ దాచుకునే మనుషులు కారు.

దిగపహండికి కొంచెం అవతల ఒక తెలుగు పల్లె అసిరయ్యది. తండ్రి నీలకంఠం కూలి చేసుకుంటూ, కాస్త పొలం చెక్క కౌలుకి దున్నేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకి, వానలు మొహం చాటేసిన ఒక ఏడు, కాలవ దగ్గర తగువు వచ్చింది. తన వంతు నీళ్లు తను మళ్లించుకున్నందుకు పై పొలం ఆసామి మనుషులు నీలకంఠాన్ని పార కర్రలతో చితకబాదారు. అసిరయ్య గట్టు మీద నిలబడి చూశాడు. తండ్రి బురదలో బోర్లా పడితే ఒకడు మెడ మీద కాలు పెట్టి మొహాన్ని నీళ్లలోకి తొక్కాడు. నీళ్లేగా కావాలన్నావు, తాగు అన్నాడు. నీలకంఠం అక్కడే పోలేదు. ఇంటికి మోసుకొచ్చాక రక్తం కక్కుకుంటూ కొన్నాళ్లు బతికి పోయాడు. ఎవరి మీదా కేసు పెట్టలేదు. పెట్టమని చెప్పేవాళ్లు కూడా లేరు.

తల్లి కాసులమ్మ కొడుకుని తీసుకుని బరంపురం వచ్చేసి, హల్దియాపదర్‌లో తమ్ముడి పంచన చేరింది. అసిరయ్య అక్కడే పెరిగి గోదాముల్లో బియ్యం బస్తాలు మోసే కూలి అయ్యాడు. మెడ ఎద్దు మెడలా బలిసింది. చేతులు మోకాళ్ల దాకా ఉండేవి. ఒకనాడు గోదాము మేస్త్రీ కాసులమ్మని పట్టుకుని బూతు మాట అన్నాడు. అసిరయ్య బస్తాలు లాగే కొక్కెం తీసి వాడి చెంపలో గుచ్చి, నోటి మూల దాకా లాగేశాడు. అడ్డం వచ్చినవాళ్లని బస్తాల మీదకి విసిరేశాడు. ఆ సమయానికి వీధిలో కారు ఆపుకుని ఇదంతా చూస్తున్న మనిషి వెంకటరమణమూర్తి. ఆ చుట్టుపక్కల సారా కొట్లన్నీ వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు అతను. పోలీసులతో మాట్లాడి అసిరయ్యని విడిపించి, తన దగ్గర పెట్టుకున్నాడు.

గిలక మీద కొట్టడం నేర్పింది మూర్తే. శవం ఖర్చు ఎక్కువ, కుంటివాడితో పేచీ ఉండదు అని నవ్వుతూ చెప్పేవాడట. అసిరయ్య తుమ్మకర్ర ఒకటి చెక్కించుకుని చివర ఇనప బిళ్ల కొట్టించుకున్నాడు. దొంగసారా కాచినవాడు, బాకీ ఎగ్గొట్టినవాడు, వేలంలో ఎదురు పాట పాడినవాడు, ఎవరైనా సరే అతనికి ఒకటే పద్ధతి. మనిషిని పడదోసేవాడు. వెంట ఉన్న కుర్రాడు కాసులు మోకాలి మీద కూర్చుని కాలు కదలకుండా పట్టుకునేవాడు. అసిరయ్య ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ తర్వాత వెనక్కి చూడకుండా పోయేవాడు. తను కొట్టినవాళ్లు ఏమయ్యారో ఎన్నడూ కనుక్కోలేదు.

దిగపహండి దగ్గర పైడయ్య అనే కల్లుగీత మనిషి ఉండేవాడు. అతని కల్లుకి మంచి పేరు. చల్లగా, పులుపెక్కకుండా దించి అమ్మేవాడు. దానితో మూర్తి సారా కొట్టుకి రాకపోకలు తగ్గాయి. మూర్తి ముందు మాట పంపాడు. పైడయ్య విననట్టే ఊరుకున్నాడు. తర్వాత అసిరయ్యని పంపాడు.

అప్పుడే తెల్లవారుతోంది. పైడయ్య తాటిచెట్టు దిగుతున్నాడు. నడుముకి మోకు, వీపున కల్లు లొట్టి. అసిరయ్య చెట్టు వెనక నిలబడ్డాడు. పైడయ్య ఎడమ కాలు నేలకి ఆనించిన క్షణంలో కర్ర తిప్పి గిలక మీద వేశాడు. పచ్చి కట్టె విరిగిన చప్పుడు అయింది. పైడయ్య మోకుకి వేలాడుతూనే అరిచాడు. రెండో కాలితో నిలబడబోయి మొహం చెట్టు మొదలుకేసి కొట్టుకున్నాడు. లొట్టి పగిలి కల్లు, రక్తం కలిసి ఇసకలో ఇంకాయి. చప్పుడు విని గుడిసెలోంచి అతని పెళ్లాం చిట్టమ్మ పరుగెత్తుకొచ్చి అసిరయ్య చొక్కా పట్టుకుంది. అసిరయ్య చెయ్యి వెనక్కి విసిరి ఆమె నోటి మీద కొట్టాడు. పళ్లు ఊడి ఆమె అరచేతిలో పడ్డాయి.

మళ్లీ చెట్టెక్కితే రెండో కాలు కూడా ఇలాగే అవుతుందని చెప్పి అసిరయ్య, కాసులు సైకిలెక్కి వెళ్లిపోయారు.

పైడయ్య ఆసుపత్రికి పోలేదు. పోతే ఎవరు కొట్టారని అడుగుతారు, చెబితే ప్రాణం దక్కదని భయం. ఊళ్లో కట్లు కట్టే మనిషి వెదురు బద్దలు వేసి బిగించి కట్టాడు. పాదం నల్లబడి, పొక్కులు లేచి, చివరికి ఎలాగో వాపు తగ్గింది. ఎముక వంకరగా అతుక్కుంది. నడవగలిగాడు గానీ పాదం పైకి మడవడం పోయింది. పాదం మడవకపోతే తాటిచెట్టు ఎక్కలేరు.

కొన్ని నెలలు పోయాక, దిగపహండి సంతరోజున అసిరయ్య టీ దుకాణం ముందు బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చుట్టూ మిరపకాయల కుప్పలు, ఎండు చేపల గంపలు, ఒడియాలో, తెలుగులో బేరాలు. చిట్టమ్మ అతని పక్కనుంచి వచ్చింది. చేతిలో వడ్లు దంచే రోకలి ఉంది, చివర ఇనప పొన్ను తొడిగిన రోకలి. సంతకి వచ్చిన ఆడది రోకలి తెచ్చుకుంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఆమె రోకలిని రెండు చేతులా ఎత్తి, వడ్లు దంచినట్టే, తిన్నగా అతని కుడి చీలమండ మీద దించింది.

అసిరయ్య బల్ల మీంచి కింద పడ్డాడు. మొలలో కత్తి ఉంది. అది లాగి లేవబోయాడు, కాలు మోపగానే లోపల ఏదో జారినట్టయి మళ్లీ కూలబడ్డాడు. చిట్టమ్మ అతని తల మీదుగా రోకలి ఎత్తి నిలబడింది. పళ్లు లేని నోరు తెరుచుకుని ఉంది. అతని తల వైపు కాసేపు చూసింది. సంత మొత్తం ఆగిపోయింది. ఒక్కడు కూడా అడ్డు రాలేదు. ఆమె రోకలి దించి, దాన్ని భుజాన వేసుకుని, వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయింది.

అసిరయ్యని అద్దె జీపులో బరంపురం తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో పడేశారు.

డాక్టరు భారతీదేవి గారు బరంపురంలోనే తరాలుగా స్థిరపడిన తెలుగు వర్తకుల ఇంటి ఆడపడుచు. పసుపు, మిర్చి టోకు వ్యాపారం వాళ్లది. ఎముకల వైద్యంలో ఆడ డాక్టరంటే ఆ రోజుల్లో వింతగా చూసేవారు. ఎముక లాగి సరిచెయ్యాలంటే బలం కావాలి, ఆడదానికి ఎక్కడినుంచి వస్తుందని ఎదురుగానే అనేవారు. ఆవిడ పొట్టిగా, గట్టిగా ఉండేవారు, మాటలు తక్కువ.

ఆవిడ వచ్చేసరికి విద్యార్థులు అసిరయ్య మంచం చుట్టూ మూగి, వాచిన చోటే తలో చెయ్యీ వేసి నొక్కుతున్నారు. అతను పళ్లు బిగబట్టి, ఇక ఆపుకోలేక అరిచాడు. ఆవిడ వాళ్లందరినీ వెనక్కి జరగమన్నారు. ముందు బాగున్న కాలు చూడమన్నారు. దేవుడు పోల్చి చూసుకోమని ఇంకొక కాలు ఇచ్చాడు గదా అన్నారు. తర్వాత నొప్పి లేని చోట మొదలుపెట్టారు. మోకాలి కింద బయటివైపు సన్నటి ఎముకని వేళ్లతో పట్టుకుని, మెల్లగా కిందకి నొక్కుకుంటూ వచ్చారు. పిక్క దగ్గర రెండు ఎముకలనీ దగ్గరికి అదిమి, నొప్పి కింద ఎక్కడైనా పలుకుతోందా అని అడిగారు. గిలకలు రెండింటి వెనక అంచులు, పాదం బయటి అంచు, పాదం మధ్య ఎత్తు, ఒక్కొక్కటే తాకి అతని మొహం చూశారు. కాలివేళ్లు ఆడించమన్నారు. పాదం పైనా, లోపలి గిలక వెనకా నాడి పట్టి చూశారు. దెబ్బ తగిలాక కాలు మోపగలిగావా అంటే లేదన్నాడు. ఎలా తగిలిందంటే బస్సు దిగుతూ పడ్డానన్నాడు.

ఆవిడ విద్యార్థులకి చెప్పడం మొదలుపెట్టారు. అడుగు తప్పి పాదం మడతపడితే ఎముకనీ ఎముకనీ పట్టి ఉంచే పట్టీలు సాగి తెగుతాయి, అప్పుడు నొప్పి గిలక కొసకి ముందు, కిందివైపు ఉంటుంది. ఇక్కడ ఆ పట్టీల మీద నొక్కితే నొప్పి లేదు. నొప్పంతా ఎముక మీదే, ఒక్కచోటే ఉంది. చర్మం మీద గుండ్రటి అచ్చు ఉంది. ఇది పడిన కాలు కాదు, కొట్టిన కాలు అన్నారు. తర్వాత అసిరయ్య వైపు తిరిగారు.

"ఈ నాలుగైదేళ్లలో ఇలాంటి కాళ్లు చాలా చూశాను. అందరూ పడ్డామనే చెప్పారు. అందరికీ దెబ్బ ఇక్కడే. ఒక రిక్షా మనిషికి ఆలస్యమై కాలు కుళ్లిపోతే నేనే తీసేశాను. వాళ్లని కొట్టినవాడే నిన్నూ కొట్టాడా?"

అసిరయ్య మోచేతుల మీద కాస్త లేచాడు.

"కాదమ్మగోరూ. ఆళ్లని కొట్టినోడిని నానే."

విద్యార్థుల్లో ఒకడు వెనక్కి అడుగు వేశాడు. భారతీదేవి గారి చెయ్యి ఇంకా అతని పాదం మీదే ఉంది. ఆ క్షణాన ఆ పాదాన్ని పట్టుకుని మెలితిప్పాలనిపించిందని, తిప్పితే ఏమవుతుందో తనకంటే బాగా తెలిసినవాళ్లు ఆ గదిలో లేరని, ఆవిడ చాలా ఏళ్ల తర్వాత నాతో అన్నారు. తిప్పలేదు. ఎక్స్‌రే ఫోటో తీయించి, బయటి గిలక విరిగింది గానీ జారలేదని చూసి, తనే స్వయంగా పిండికట్టు వేశారు.

అసిరయ్య ఆ వార్డులో పడుకుని ఉన్నన్ని రోజులూ తన అరుపే తలుచుకున్నాడు. అది తనకి తెలిసిన అరుపు. తాటిచెట్టు కింద విన్నదీ అదే. అంతకన్నా ఎక్కువగా అతన్ని కుదురుగా ఉండనివ్వనిది చిట్టమ్మ ఎత్తి పట్టుకున్న రోకలి. తల అక్కడే ఉంది, రోకలీ ఉంది. కొట్టి ఉంటే అక్కడితో అయిపోయేది. ఎందుకు దించేసిందో అతనికి అంతుపట్టలేదు.

పిండికట్టుతో, చంకకర్రలతో ఇంటికి చేరాక మూర్తి పిలిపించాడు. ఎవరు కొట్టారో పేరు చెప్పమన్నాడు. అసిరయ్య బస్సు దిగుతూ పడ్డానన్నాడు. సంతలో ఊరంతా చూసిందిరా అని మూర్తి నవ్వాడు. ఒక ఆడది రోకలితో నా మనిషిని పడగొట్టిందని చెప్పుకుంటే రేపటినుంచి నాకు ఎవరు భయపడతారని అడిగాడు. మర్నాడు పొద్దున్నే కాసులు వెళ్లి ఆమె రెండు కాళ్లూ, మొగుడి మిగిలిన కాలూ తీసేసి, గుడిసె తగలబెట్టి వస్తాడన్నాడు. నువ్వు కూర్చుని చూడు చాలు అన్నాడు.

అసిరయ్య బయటికి వచ్చాడు. మర్నాడు మొదటి బస్సు పట్టుకుని దిగపహండి వెళ్లాడు. బస్టాండు నుంచి పైడయ్య గుడిసె దాకా చంకకర్రల మీద నడిచేసరికి చంకలు ఒరుసుకుపోయి చొక్కా రక్తమైంది. అతన్ని చూడగానే పైడయ్య కొడవలి అందుకున్నాడు. అసిరయ్య గుమ్మంలో కూలబడి, కాసులు వస్తున్నాడని, లోపలికి పోయి తలుపేసుకోమని చెప్పాడు. వాళ్లు నమ్మలేదు. నమ్మేలోపే కాసులు, ఇంకో ఇద్దరూ కిరసనాయిలు డబ్బాతో వచ్చేశారు.

గుమ్మంలో అసిరయ్యని చూసి కాసులు తడబడ్డాడు. అతనికి కర్ర పట్టడం నేర్పింది అసిరయ్యే. చేతిలో ఇప్పుడున్నది కూడా అసిరయ్య కర్రే, ఇనప బిళ్లతో సహా.

"అన్నా, లెగు. నీ కోసమే ఒచ్చినాం. పక్కకి జరుగు."

"నా కోసమయితే ఎల్లిపో."

"మూర్తి బావు మాట. నాను తిరిగి ఎల్తే నా కాలు ఉండదు."

"ఈళ్ల కాళ్లు ముట్టుకోకురా, కాసులూ."

కాసులు కర్ర పైకెత్తి పిండికట్టు మీద కొట్టాడు. కట్టు పగిలింది. ఇంకోసారి కొట్టాడు. ఈసారి పాదం పక్కకి తిరిగిపోయింది. అసిరయ్య కేక వేస్తూనే చెయ్యి చాచి కాసులు మెడ దొరకబుచ్చుకుని కిందకి లాగాడు. జుట్టు పట్టుకుని మొహాన్ని గుమ్మం రాయికేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ముక్కు పగిలింది, ఒక కన్ను నలిగిపోయింది. రాయి ఎర్రబడింది. కాసులు చేతులు ముందు గాల్లో కొట్టుకుని, తర్వాత ఆగిపోయాయి. మిగిలిన ఇద్దరిలో ఒకడు అసిరయ్య వీపు మీద డబ్బాతో బాదుతున్నాడు. అసిరయ్యకి అది తెలియడం లేదు. కాలవ నీళ్లలో తండ్రి మొహమే కనబడిందని నాతో చెప్పాడు.

ఆపింది చిట్టమ్మ. వెనకనుంచి అతని జుట్టు గుప్పిట పట్టి లాగింది.

"సచ్చిపోతాడు, ఒగ్గేయ్. నా గుమ్మంలో సంపకు."

అప్పటికి చుట్టుపక్కలవాళ్లు కత్తులు, కొడవళ్లు పట్టుకుని వచ్చారు. కాసులుతో వచ్చినవాళ్లు పారిపోయారు. ఒకడి భుజం మీద కొడవలి దిగింది గానీ బతికాడు. అసిరయ్యనీ కాసులునీ ఒకే లారీలో, తవుడు బస్తాల మీద పడుకోబెట్టి బరంపురం పంపించారు. దారి పొడుగునా కాసులు అమ్మని పిలుస్తూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో ఇద్దరినీ పక్కపక్క బల్లల మీద వేశారు. అసిరయ్య ముందు కాసులుని చూడమన్నాడు. ఎవరిని ముందు చూడాలో నాకు తెలుసు అంటూ భారతీదేవి గారు కాసులుకి ఊపిరి ఆడుతోందని, నాడి బాగుందని చూసుకుని, అతన్ని కంటి డాక్టరుకి అప్పగించి ఇటు తిరిగారు. పిండికట్టు ముక్కలు కోసి తీసేశారు. పాదం బయటికి తిరిగి ఉంది. లోపలి గిలక మీద చర్మం తెల్లగా సాగి, ఇంకాస్తయితే చిరిగేలా ఉంది. వేళ్లు చల్లబడ్డాయి. పాదం పైన నాడి లేదు, గిలక వెనకా లేదు. ఎవరో ఫోటోకి పంపుదామా అన్నారు. ఫోటో వచ్చేలోపు కాలు చచ్చిపోతుందన్నారు ఆవిడ.

నొప్పికి సూది వేయించి, ఒక మనిషిని తొడ గట్టిగా పట్టుకోమన్నారు. మోకాలు వంచి, ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో పాదం పట్టుకుని, తన కాలు బల్లకి తన్నిపెట్టి లాగారు. సూది మందు ఇంకా ఎక్కలేదు. అసిరయ్య అరుపుకి వరండాలో జనం లేచి నిలబడ్డారు. ఆవిడ వదల్లేదు. లాగుతూనే పాదాన్ని లోపలికి తిప్పారు. లోపల ఎముక ఠక్కున కూర్చుంది. ఆవిడ చెమటలు కారుతుండగా పాదం పైన వేళ్లు పెట్టి కళ్లు మూసుకున్నారు. మొదట ఏమీ లేదు. తర్వాత సన్నగా, తర్వాత బాగా నాడి కొట్టుకోసాగింది. వేళ్లకి రంగు వచ్చింది.

తర్వాత ఆపరేషన్ జరిగింది, స్క్రూలు వేశారు. కానీ ఆ కీలు మళ్లీ కీలులా పనిచేయలేదు.

ఆసుపత్రి మంచం మీదనుంచే అసిరయ్య పోలీసులకి మొత్తం చెప్పాడు. తను కొట్టినవాళ్ల పేర్లు, కొట్టించినవాడి పేరు. వద్దని తల్లి కాసులమ్మ అతని కాళ్ల మీద పడింది. మూర్తి మనుషులు హల్దియాపదర్‌లో ఆమె ఇంటి పెంకులు రాళ్లతో పగలగొట్టారు. అయినా అతను మాట మార్చలేదు. భారతీదేవి గారికి కూడా బెదిరింపు వచ్చింది. ఒకనాడు ఆసుపత్రికి వస్తుంటే ఎవరో సోడాబుడ్డి విసిరితే నుదురు చిట్లింది. కుట్లు వేయించుకుని ఆవిడ ఆ పూటే వార్డులోకి వచ్చారు.

కోర్టులో ఆవిడ సాక్ష్యం చెప్పారు. పడితే చీలమండ ఎలా దెబ్బతింటుంది, కొడితే ఎలా దెబ్బతింటుంది అని న్యాయమూర్తికి తన సొంత కాలి మీద చూపించి వివరించారు. మూర్తి తరఫు వకీలు తెలివైనవాడు. అసిరయ్య మొదటి దెబ్బ సంగతి ఎత్తాడు. అతను బస్సు దిగుతూ పడ్డానని ఈ కోర్టులోనే ప్రమాణం చేసి చెప్పాడు, మీరేమో కొట్టిన దెబ్బ అని రాశారు, ఎవరిది అబద్ధం అని అడిగాడు. అబద్ధం అసిరయ్యదే. అన్నీ నిజాలు చెప్పిన మనిషి ఆ ఒక్కటీ దాచాడు. చెబితే చిట్టమ్మ మీద కేసు అవుతుంది. చిట్టమ్మ కోర్టు హాలు చివర నిలబడి ఉంది.

"దెబ్బే," అన్నారు ఆవిడ. "గుండ్రటి మొద్దు వస్తువుతో వేసిన దెబ్బ. ఎలా విరిగిందో కాలు చెబుతుంది. ఎవరు విరిచారో చెప్పదు. అది చెప్పాల్సింది అతను."

వకీలు అసిరయ్య వైపు తిరిగాడు. అసిరయ్య బస్సు దిగుతూ పడ్డానని మళ్లీ చెప్పాడు. సంతకి వచ్చిన జనంలో ఒక్కరు కూడా తాము చూశామని ముందుకు రాలేదు.

కాసులుకి, అసిరయ్యకి శిక్షలు పడ్డాయి. మూర్తికీ పడింది గానీ పై కోర్టుకి వెళ్లి బయటపడ్డాడు. సారా కొట్లు మాత్రం చేజారిపోయాయి. జైల్లో ఒకరోజు కాసులు, తనకి మిగిలిన ఒక్క కంటితో చూసుకుంటూ, చెంచా నూరి చేసిన ముల్లు అసిరయ్య పక్కలో గుచ్చాడు. అసిరయ్య ఎదురు కొట్టలేదు. వార్డర్లు వచ్చి కాసులుని చావబాదుతుంటే ఆపమని అరిచాడు. ఎవరూ వినలేదు.

అసిరయ్య విడుదలయ్యేసరికి తల్లి చనిపోయింది. అతను తిన్నగా దిగపహండి వెళ్లాడు. పైడయ్య అరుగు మీద కూర్చోమన్నాడు. చిట్టమ్మ లోపలినుంచి వచ్చి, ఈ ఇంటి అరుగు మీద వద్దని చెప్పింది. గొంతు పెంచలేదు. అతను లేచి వచ్చేశాడు. తర్వాత రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, గంజాంలో వలలు అల్లుకుంటూ, చిరిగినవి బాగుచేస్తూ బతికాడు. అది కూర్చుని చేసే పని. కూర్మమ్మ అనే విధవరాలు అతనికి వండిపెట్టేది, కొన్నాళ్లకి అతని దగ్గరే ఉండిపోయింది.

నేను అతన్ని చూసింది వైద్య విద్యార్థిగా, పరీక్షలో. పరీక్షకి రోగుల్ని పిలిపించి కూర్చోబెడతారు. వాళ్లని పరీక్షించి, జబ్బేమిటో మేం చెప్పాలి. భారతీదేవి గారు ప్రతి ఏడూ అసిరయ్యకి కబురు పెట్టేవారు. నా ముందు ఎముకలు బిగుసుకుపోయిన చీలమండ, దాని మీద పొడవాటి మచ్చలు. నేను నేర్చుకున్నట్టే ముందు బాగున్న కాలు చూశాను, పైనుంచి నొక్కుకుంటూ వచ్చాను, నాడి చూశాను. తర్వాత దెబ్బ ఎలా తగిలిందని అడిగాను. అతను మొదటినుంచీ మొదలుపెట్టాడు. తాటిచెట్టు దగ్గరికి వచ్చేసరికి నా పక్కనున్న అమ్మాయి చేతులు వెనక్కి తీసుకుంది. అతను అది చూసి కూడా చెప్పడం ఆపలేదు. రోకలి సంగతి మాత్రం అందరికీ చెప్పేవాడు కాదు. అది నాకు చాలాకాలం తర్వాత, చిట్టమ్మకి ఇక కేసు భయం లేదని తేలాక చెప్పాడు.

పైడయ్య ఒక ఎండాకాలం జ్వరం వచ్చి పోయాడు. కబురు తెలిసి అసిరయ్య మధ్యాహ్నానికల్లా దిగపహండి చేరాడు. పాడె కట్టడం అయిపోయింది. మోయడానికి భుజం అందించబోతే మగవాళ్లు ఒప్పుకోలేదు. కొందరు పాత కోపంతో వద్దన్నారు, ఇంకొందరు ఇతను కుంటితే పాడె ఒరుగుతుందన్నారు. ఒకడు అతని గుండె మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టాడు. అసిరయ్య తూలి నిలదొక్కుకున్నాడు.

చిట్టమ్మ గుమ్మంలోంచి వాళ్లకి చెప్పింది.

"ఆడు మొయ్యక్కర్లేదు. ఎనకాల నడవమను."

వాళ్లు పాడె ఎత్తుకుని వేగంగా సాగిపోయారు. అసిరయ్య ఎండలో, కట్టెలా బిగిసిన పాదాన్ని ఈడ్చుకుంటూ, వాళ్ల వెనక నడిచాడు. కాసేపటికి డప్పు చప్పుడు తప్ప వాళ్లు కనబడలేదు. ఆ చప్పుడు వెంటే పోయాడు. అతను చేరేసరికి చితి అంటుకుని మండుతోంది. తలకొరివి పెట్టిన పైడయ్య కొడుకు స్నానానికి వెళ్లాడు. అసిరయ్య మంట చల్లారేదాకా అక్కడే నిలబడ్డాడు. కూర్చోమని ఎవరో అంటే అక్కర్లేదన్నాడు.